చార్జి అప్పగింత

పాలమనేరు నీళ్లాఫీసులో
ఇది నా ఆఖరి సాయంత్రం.
తాళాలు పదకొండు, షాహిదమ్మా, లెక్క పెట్టుకో.
పన్నెండోది గంగవరం దారిలో పంపుహౌసుది,
దానికి తాళం అక్కర్లేదు,
భుజంతో ఒక తోపు తోస్తే తెరుచుకుంటాది.

ఫైళ్లు బీరువాలో ఉండాయి.
పథకం పేరు మారినప్పుడల్లా అట్ట మార్చినాము,
లోపలి కాగితం అదే.
నా సర్వీసులో ట్యాంకుకు నాలుగు రంగులు పడినాయి.
కింద వాల్వు మాత్రం
నేను చేరిన యేడు బిగించిందే.
గుడ్డపేలిక చుట్టి, సైకిలు ట్యూబు కట్టి
మునిరత్నం దాన్ని ఇన్నేండ్లు బతికించినాడు.
మునిరత్నం పర్మినెంటు కాలేదు.
ఆ సైకిలు ట్యూబు అయింది.

బడ్జెట్టులో ఒక గడి చూపిస్తా, చూడు.
'నిర్వహణ'.
ప్రతి మార్చిలో అడిగినాము.
పైకి పోయి కిందికి వచ్చేతలికి
అది అడ్డగీత అయిపొయ్యేది,
సున్నా పెట్టే ఓపిక కూడా ఎవురికీ లేదు.
శంకుస్థాపనకు రాయి ఉండాది,
ప్రారంభానికి రాయి ఉండాది,
రిపేరుకు రాయి నాటిన ఊరు
నేనింతవరకు చూళ్లేదు.

తొలి బోరు రెండువందల అడుగుల్లో పడింది.
గుర్రప్ప అరచేతిలో టెంకాయ లేచి నిలబడింది,
మేము చప్పట్లు కొట్టినాము.
తర్వాత ఆరువందలు.
మొన్న పదమూడువందలు పోతే
తెల్లదుమ్ము లేచి
పక్క తోటలో మామిడాకులకు సున్నం కొట్టినట్టయింది.
మీటింగులో అందరూ 'ఇంకొక బోరు' అన్నారు.
నేనూ తలకాయ ఊపినాను.
ఏప్రిల్ ఎండలో కడవలు వరసగా నిలబడి
నీ మొగం చూస్తా ఉంటే
ముప్పై యేండ్ల మాట
ఏ నోటితో చెప్తావు?

ఇంగ ఈ నోటుబుక్కు.
ఇది చార్జి లిస్టులో లేదు.
వెనక అట్ట మీద ఎక్కాలు, లోపల నా రాత.
సంతబయలు వెనకాల ఒక పాడుబాయి ఉండాది,
ఎవురూ తోడరు, అందుకే అబద్ధం చెప్పదు.
నెలకొకసారి, ఒకటో తేదీ,
బారకొక ముడి వేసిన తాడు వదిలి
ఎన్నో ముడి కాడ తడిసిందో రాసినాను.
ఎవురూ అడగలేదు.
ఏ ఫారంలోనూ దీనికి గడి లేదు.

ఈ పేజీ చూడు, మూల మడిచినాను.
ఒకాయన వచ్చినాడు, కళ్లద్దాల ఆఫీసరు,
కొత్తది ఏదీ కట్టలేదు.
మీద చెరువు నుంచి కింద చెరువుకు పొయ్యే కాలవలో
కంప కొట్టించినాడు, పూడిక తీయించినాడు,
కాలవ మీద లేచిన గోడలు రెండు పడగొట్టించినాడు.
ఎనిమిది నెల్లకు బదిలీ.
ఆ యేడు తాడు పదకొండో ముడి కాడే తడిసింది.
మరుసటేడూ అంతే.
మూడో యేడు, తొమ్మిది.
నాలుగో యేడు, ఆరు.
అప్పటికి ఇంకెవురిదో పేరు రాతి మీదికి ఎక్కింది.
ఆయన పేరు నాకే గుర్తు రావడం లేదు,
చూడు నా రోత బుర్ర.

తర్వాత మళ్లా కంప మొలిచింది.
ముడులు కిందికి, కిందికి.
ఈ నాలుగు నెల్లు గడులు ఖాళీ,
అది నా మోకాళ్ల తప్పు,
సర్కారు మీదికి తొయ్యను.

సంతకాలు యాడ పెట్టాలో చూపిస్తా ఉంటే
ఆ పిల్ల తాళాలు ముట్టుకోలేదు.
నోటుబుక్కు తిరగేసింది,
ఖాళీ గడుల మీద వేలు పెట్టి ఆగింది.
"రేపు ఒకటో తేదీ కదా సార్,
తాడు యాడుండాది?"

మునిరత్నానికి ఫోను చేసినాను.
ఏజెన్సీ మారినప్పుడు వాణ్ణి నిలిపేసినారు,
తాడు వానింట్లోనే ఉండిపోయింది.
దండెం కట్టుకున్నారంట, బట్టలు ఆరేసుకునేదానికి.

ముడులు మాత్రం విప్పలేదంట.